పాఠకుల ప్రశ్నలు: గ్రీన్ టీ క్యాన్సర్ కణాలను నిజంగా ఆపుతుందా?

గ్రీన్ టీకీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి కొంతకాలంగా మాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇంట్లో ఒకరు జబ్బుపడినప్పుడు కలిగే ఆందోళనతో రాసినవే. ఒక్కొక్కదానికి ఒక్కో సంచికలో నాలుగు వాక్యాలు రాసి సరిపెట్టడం న్యాయం కాదనిపించి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అక్కయ్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయి ఇప్పుడు జబ్బు తిరిగి రాకుండా టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్రలు వాడుతోంది. గ్రీన్ టీలో ఉండే ఈజీసీజీ అనే పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతుందని ప్రయోగశాలలో రుజువైందంటూ బంధువులు ఒక సందేశం పంపారు. అప్పటి నుంచి ఆమె రోజుకు ఎనిమిది కప్పులు తాగుతోంది, ఆకలి తగ్గింది, నిద్ర పట్టడం లేదు. ఆ సందేశంలో నిజమెంత? నిజమే అయితే అది ఎలా పనిచేస్తుంది? (ఒక పాఠకురాలు)

సమాధానం: ఆ సందేశంలోని వాక్యం అబద్ధం కాదు. ఈజీసీజీ ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపుతుంది, వాటి విభజనను ఆపుతుంది. ఇది ఒకటి రెండు చోట్ల కాదు, ఎన్నో దేశాల ప్రయోగశాలల్లో, రొమ్ము, ప్రోస్టేట్, పెద్దపేగు, ఊపిరితిత్తులు, రక్తం వంటి అనేక రకాల క్యాన్సర్ కణాలపై మళ్ళీ మళ్ళీ కనిపించిన ఫలితం. అయితే ప్రయోగశాలలోని గాజుపళ్ళెంలో పెరిగే కణానికీ మీ అక్కయ్య శరీరంలోని కణానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ సందేశం చెప్పకుండా వదిలేసింది. ఆ దూరం గురించే మనం మాట్లాడుకోవాలి.

ముందు ఆ పదార్థం సంగతి చూద్దాం. గ్రీన్ టీ, బ్లాక్ టీ రెండూ ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును వెంటనే ఆవిరి పట్టి గాని, వేడి పాత్రలో వేయించి గాని అందులోని ఎంజైములను పనిచేయకుండా చేస్తే ఆకులోని కేటెచిన్‌లు అనే పాలిఫినాల్ పదార్థాలు చాలావరకు అలాగే నిలుస్తాయి. అదే గ్రీన్ టీ. ఆకును నలిపి గాలి తగలనిస్తే ఆ కేటెచిన్‌లు ఆక్సీకరణం చెంది థియాఫ్లావిన్‌లు, థియారూబిజిన్‌లు అనే పెద్ద అణువులుగా మారి ఎర్రని రంగునిస్తాయి. అది బ్లాక్ టీ. జపాన్ రసాయన శాస్త్రవేత్త మిచియో త్సుజిమురా 1929లో గ్రీన్ టీ నుంచి కేటెచిన్‌ను వేరుచేశారు. గ్రీన్ టీలో ముఖ్యమైన కేటెచిన్‌లు నాలుగు ఉన్నాయి. వాటిలో అత్యధిక పాలు ఎపిగాలోకేటెచిన్ గాలేట్‌ది. దాన్నే పొడి అక్షరాల్లో ఈజీసీజీ అంటారు. పరిశోధనలన్నీ ప్రధానంగా దాని చుట్టూనే తిరిగాయి.

1987లో జపాన్‌కు చెందిన హిరోటా ఫుజికీ, ఆయన సహచరులు ఎలుకల చర్మంపై కంతులు పెరగడానికి దోహదం చేసే రసాయనంతో పాటు ఈజీసీజీని కూడా పూసి చూసినప్పుడు కంతులు తక్కువగా వచ్చాయి. అక్కడి నుంచి ఈ రంగం విస్తరించింది. కణం లోపల ఈజీసీజీ చేసే పనుల జాబితా ఇప్పుడు చాలా పెద్దది. కణాన్ని విభజించమని చెప్పే ఎదుగుదల సంకేతాలను అందుకొనే గ్రాహకాలను అది మందగింపజేస్తుంది. పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాజోమ్ అనే యంత్రాంగాన్ని అడ్డుకుంటుంది. కణాన్ని తనంతట తాను క్రమపద్ధతిలో ముగిసిపోయేలా చేసే అపాప్టోసిస్ అనే ప్రక్రియను మొదలుపెడుతుంది. పక్క కణజాలంలోకి చొచ్చుకుపోవడానికి క్యాన్సర్ కణం వాడుకొనే ఎంజైములను నిరోధిస్తుంది. కణం పైపొరలో ఉండే లామినిన్ గ్రాహకానికి ఈజీసీజీ అంటుకుంటుందని 2004లో జపాన్ పరిశోధకులు చూపించారు. గ్రీన్ టీ తాగించిన ఎలుకల్లో కొత్త రక్తనాళాలు పుట్టడం తగ్గిందని 1999లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. కంతి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి కాబట్టి ఇది ఆనాడు గొప్ప ఆశ రేపిన వార్త.

ఇన్ని పనులు చేసే అణువును చూసి ముచ్చటపడటం సహజమే. కానీ మందుల రసాయన శాస్త్రంలో పనిచేసేవారికి ఇలాంటి జాబితా సంతోషం కంటే అనుమానాన్నే ఎక్కువగా కలిగిస్తుంది. ఒక అణువు పరీక్షించిన ప్రతి ప్రొటీనుకూ అంటుకుంటున్నదంటే దానికి నిర్దిష్టమైన లక్ష్యం లేదేమోనని, లేదా పరీక్షా విధానాన్నే అది తారుమారు చేస్తున్నదేమోనని వారు సందేహిస్తారు. ఈజీసీజీ విషయంలో ఆ సందేహానికి బలమైన ఆధారం ఉంది. కణాలను పెంచే ద్రావణంలో ఈజీసీజీ ఎక్కువసేపు స్థిరంగా ఉండదు. గాలిలోని ఆక్సిజన్‌తో తనంతట తానే చర్య జరిపి విచ్ఛిన్నమవుతూ, ఆ క్రమంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఆ పెరాక్సైడ్ కణాలను చంపగలదు. దాన్ని నిర్వీర్యం చేసే కేటలేజ్ అనే ఎంజైమును అదే ద్రావణంలో కలిపితే చాలా ప్రయోగాల్లో ఈజీసీజీ ప్రభావం గణనీయంగా తగ్గిపోయింది, కొన్నింటిలో పూర్తిగా మాయమైంది. అంటే గాజుపళ్ళెంలో కణం చనిపోయిన మాట నిజమే అయినా, కొన్నిసార్లు దాన్ని చంపింది మనం అనుకున్న పదార్థం కాకపోవచ్చు. శరీరంలోనేమో కేటలేజ్ సమృద్ధిగా ఉంటుంది, కణాల చుట్టూ ఆక్సిజన్ ప్రయోగశాలలో ఉన్నంత ఎక్కువగా ఉండదు.

ఇక గాఢత సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అతి ముఖ్యమైన విషయం ఇదే. ప్రయోగశాలలో కణాలపై ప్రభావం కనిపించడానికి సాధారణంగా 20 నుంచి 100 మైక్రోమోలార్ (ద్రావణంలో పదార్థం ఎంత ఉందో చెప్పే కొలమానం) గాఢతలో ఈజీసీజీని వాడతారు. రెండు మూడు కప్పుల గ్రీన్ టీ తాగిన మనిషి రక్తంలో, అది అత్యధికంగా ఉండే సమయంలో కూడా, సాధారణంగా ఒక మైక్రోమోలార్‌కు తక్కువే ఉంటుంది. కొన్ని గంటల్లో అదీ తగ్గిపోతుంది. కప్పులో ఉన్న పదార్థమే తక్కువ కదా, ఎక్కువ కప్పులు తాగితే సరిపోతుంది కదా అని మీ అక్కయ్య అనుకొని ఉండవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 50 మైక్రోమోలార్ అంటే లీటరుకు సుమారు 23 మిల్లీగ్రాములు. మనిషి రక్తంలో ప్లాస్మా దాదాపు మూడు లీటర్లు. అంటే ప్లాస్మా అంతటా ఆ గాఢత రావడానికి కావలసింది 70 మిల్లీగ్రాములే. చక్కగా కాచిన ఒకటి రెండు కప్పుల్లోనే అంత ఈజీసీజీ ఉంటుంది. కాబట్టి లోపం కప్పుది కాదు. తాగిన దానిలో అధిక భాగం పేగుల నుంచి రక్తంలోకి చేరదు. చేరిన కొద్ది భాగాన్నీ పేగు గోడలు, కాలేయం కలిసి మిథైల్, సల్ఫేట్, గ్లూకురోనైడ్ సమూహాలను తగిలించి వేరే పదార్థాలుగా మార్చేస్తాయి. మన శరీరం ఈజీసీజీని ఒక పరాయి రసాయనంగానే చూసి, మర్యాదగా బయటికి సాగనంపుతుంది. కప్పుల సంఖ్యను రెట్టింపు చేసినంత మాత్రాన ఈ ఏర్పాటు మారదు.

అందువల్ల మీ అక్కయ్య ఎనిమిది కప్పులు తాగడం వల్ల ఆమెకు క్యాన్సర్ నుంచి అదనపు రక్షణ లభిస్తుందని చెప్పడానికి నాకు ఆధారం కనిపించడం లేదు. పోయేది మాత్రం స్పష్టంగానే ఉంది. ఒక్కో కప్పులో సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందనుకుంటే ఎనిమిది కప్పులతో అది 240 అవుతుంది. చికిత్స తర్వాత కోలుకుంటున్న మనిషికి నిద్ర, ఆకలి చెడిపోవడం చిన్న నష్టం కాదు. టామాక్సిఫెన్ విషయంలో మాత్రం మీరు కొంత నిశ్చింతగా ఉండవచ్చు. గ్రీన్ టీ పదార్థాలు తీసుకున్న రోగుల రక్తంలో టామాక్సిఫెన్ నుంచి తయారయ్యే ఎండాక్సిఫెన్ అనే క్రియాశీల పదార్థం తగ్గలేదని నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో తేలింది. ఇష్టంగా రోజుకు రెండు మూడు కప్పులు తాగితే ఆమెను వారించనవసరం లేదు. అయితే మందు తాగుతున్నట్టు కాకుండా టీ తాగుతున్నట్టు తాగమని చెప్పండి, ఆమెకు చికిత్స చేస్తున్న డాక్టరుగారికి కూడా ఈ సంగతి తెలియజేయండి.

ప్రశ్న: ప్రయోగశాల మాట పక్కన పెడదాం. జపాన్‌లో తరతరాలుగా గ్రీన్ టీ తాగుతున్నారు. అక్కడి జనాభాను చూస్తే విషయం తేలిపోదా? (ఒక పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు)

సమాధానం: తేలిపోవాలనే ఉద్దేశంతోనే అక్కడ పెద్ద అధ్యయనాలు జరిగాయి, కానీ అవి మీరు కోరుకున్నంత సూటిగా జవాబివ్వలేదు. సైతామా ప్రాంతంలో 8,552 మందిని గమనించిన ఒక అధ్యయనంలో, రోజుకు పది కప్పులకు మించి తాగే మహిళల్లో క్యాన్సర్ సగటున సుమారు ఏడేళ్లు ఆలస్యంగా కనిపించిందని ఫుజికీ బృందం రాసింది. అక్కడి కప్పు చిన్నది, 120 మిల్లీలీటర్లు మాత్రమే. ఈ ఫలితం చాలా ప్రచారం పొందింది. ఆ తర్వాత మియాగి ప్రాంతంలో 26,311 మందిపై జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో మాత్రం గ్రీన్ టీకీ జీర్ణాశయ క్యాన్సర్‌కూ ఎలాంటి సంబంధం కనిపించలేదు. అదే ప్రాంతంలో 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రకటించిన ఒసాకి అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. రోజుకు ఐదు కప్పులు, అంతకు మించి తాగేవారిలో, ఒక కప్పు కూడా తాగనివారితో పోలిస్తే, మొత్తం మరణాల ముప్పు మహిళల్లో 23 శాతం, పురుషుల్లో 12 శాతం తక్కువగా ఉంది. ఆ తేడా గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల కలిగే మరణాల్లో కనిపించింది గాని, క్యాన్సర్ మరణాల్లో కనిపించలేదు.

ఇలాంటి అధ్యయనాలను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. రోజుకు పది కప్పులు తాగే మనిషి, అసలు తాగని మనిషి కేవలం కప్పుల సంఖ్యలోనే వేరుగా ఉండరు. వారి భోజనం, పొగతాగే అలవాటు, వయసు, చేసే పని, పరీక్షలు చేయించుకొనే శ్రద్ధ అన్నీ వేరుగా ఉంటాయి. గణాంకాలతో వీటిని కొంత సరిచేయవచ్చు గాని పూర్తిగా చెరిపివేయలేము. ఒక కారణం ఎప్పుడూ ఉండనే ఉంటుంది: ఇప్పటికే ఒంట్లో బాగోలేని మనిషి టీ తాగడం మానేసి ఉండవచ్చు, అప్పుడు టీ తాగనివారిలో జబ్బు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. 2020లో, వైద్య అధ్యయనాలను క్రోడీకరించి సమీక్షించే కాక్రేన్ సంస్థ 11 లక్షల మందికి పైగా పాల్గొన్న 142 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదనీ, గ్రీన్ టీ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుందని చెప్పేందుకు నిలకడైన ఆధారం లేదనీ తేల్చింది. ఆ 142లో మనుషులను రెండు జట్లుగా విడదీసి పరీక్షించిన ప్రయోగాలు 11 మాత్రమే.

ప్రశ్న: ఇటలీలో గ్రీన్ టీ మాత్రలతో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అడ్డుకున్నారని చదివాను. అది నిజం కాదా? (ఒక పాఠకుడు)

సమాధానం: నిజమే. 2006లో పార్మా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఫలితాన్ని ప్రకటించారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్‌కు ముందరి దశ మార్పులున్న 60 మంది పురుషులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు 600 మిల్లీగ్రాముల కేటెచిన్‌లు, రెండో జట్టుకు మందులేని మాత్రలు ఏడాది పాటు ఇచ్చారు. మందులేని మాత్రలు మింగిన 30 మందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ కనిపించగా, కేటెచిన్‌లు తీసుకున్న 30 మందిలో ఒక్కరికే కనిపించింది. ఇంత పెద్ద తేడాను చూసినప్పుడు ఎవరికైనా ఆశ కలుగుతుంది.

కానీ ఒక చిన్న ప్రయోగంలో కనిపించిన పెద్ద తేడాను మరొకరు మరోచోట మళ్ళీ చూడగలిగితేనే దాన్ని నమ్మాలన్నది ఈ రంగంలో అనుభవం నేర్పిన పద్ధతి. 2015లో అమెరికాలోని ఫ్లోరిడా పరిశోధకులు అదే తరహా మార్పులున్న 97 మందిపై ఏడాది పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల ఈజీసీజీతో ప్రయోగం జరిపారు. గ్రీన్ టీ పదార్థం తీసుకున్న 49 మందిలో ఐదుగురికి, తీసుకోని 48 మందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ కనిపించింది. అంకెలు ఆశించిన వైపే మొగ్గినట్టు కనిపించినా, అంత కొద్దిమందిలో ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. గణాంకపరంగా అది నిలబడలేదు.

అప్పటికే ముదిరిన జబ్బు విషయంలో ఫలితం ఇంకా నిరాశ కలిగించింది. హార్మోన్ చికిత్సకు లొంగని ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 42 మంది రోజుకు ఆరు గ్రాముల గ్రీన్ టీ తీసుకున్న ప్రయోగం 2003లో వెలువడింది. వారిలో ఒక్కరిలో మాత్రమే రక్తంలోని పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ తీవ్రతకు సూచికగా కొలిచే ప్రొటీన్) చెప్పుకోదగినంత తగ్గింది, అదీ ఎక్కువకాలం నిలవలేదు. వాంతులు, విరేచనాలు, నిద్రలేమి మాత్రం చాలామందిని బాధపెట్టాయి. దీనికి భిన్నంగా, నెమ్మదిగా పెరిగే ఒక రకం రక్త క్యాన్సర్, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా తొలి దశలో ఉన్న 42 మందికి మేయో క్లినిక్ వైద్యులు అధిక మోతాదులో గ్రీన్ టీ సారం ఇచ్చినప్పుడు, మూడో వంతుకు కాస్త తక్కువ మందిలో రక్తంలోని జబ్బు కణాల సంఖ్య 20 శాతం లేదా అంతకంటే ఎక్కువగా తగ్గి నిలిచింది. 2013లో వచ్చిన ఈ ఫలితం నాకు ఆసక్తికరంగానే తోస్తుంది. అయితే అందులో పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు. కణాల సంఖ్య తగ్గడం వేరు, మనిషి ఎక్కువకాలం బతకడం వేరు.

ప్రశ్న: మా నాన్నగారికి మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. వాటికి తోడుగా ఉంటుందని నేనే గ్రీన్ టీ సారం ఉన్న క్యాప్సూళ్ళు రోజుకు రెండు ఇస్తున్నాను. డాక్టరుగారికి చెప్పలేదు. సహజమైనవి కాబట్టి ఫరవాలేదు కదా? (ఒక కుమారుడు)

సమాధానం: ఫరవాలేదని అనలేను. ఈ ఉత్తరం చదివాక మిగిలిన వాటికంటే ముందు దీనికే జవాబు రాశాను. దయచేసి ఆ క్యాప్సూళ్ళను ఈ రోజే ఆపి, ఎన్నాళ్ళుగా ఎంత మోతాదు ఇచ్చారో డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. ఆయన మిమ్మల్ని తప్పుపడతారన్న భయం పెట్టుకోవద్దు. చికిత్సకు ఫలితం ఎలా ఉందో అంచనా వేయడానికి ఆయనకు ఆ సమాచారం అవసరం.

కారణం వివరంగా చెబుతాను. బోర్టెజోమిబ్ అణువులో బోరాన్ ఉంటుంది. ఆ బోరాన్ భాగమే క్యాన్సర్ కణంలోని ప్రొటియాజోమ్‌ను పట్టుకొని దాని పనిని ఆపుతుంది. మందు శక్తి అంతా అందులోనే ఉంది. ఈజీసీజీ అణువులో పక్కపక్కనే ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. బోరాన్‌కు అలాంటి జంటలను చూస్తే అతుక్కుపోయే స్వభావం ఉంది. రెండూ కలిస్తే మందు లక్ష్యాన్ని చేరకముందే బందీ అవుతుంది. 2009లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సంగతిని బయటపెట్టారు. గ్రీన్ టీ బోర్టెజోమిబ్‌కు తోడ్పడుతుందేమో చూద్దామని మొదలైన ఆ ప్రయోగంలో ఫలితం సరిగ్గా తలకిందులైంది. మైలోమా కణాల్లోనూ, ఎలుకల్లోనూ ఈజీసీజీ ఆ మందు ప్రభావాన్ని దాదాపు పూర్తిగా అడ్డుకుంది. ఇంకో విచారకరమైన చిక్కు కూడా ఇందులో ఉంది. మందు పనిచేయనప్పుడు దాని దుష్ప్రభావాలు కూడా తగ్గవచ్చు. రోగికి హాయిగా అనిపించి, సారం మేలు చేస్తోందని ఇంటివారు మురిసిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత ఎలుకలపై జరిగిన మరో అధ్యయనంలో, రక్తంలో ఈజీసీజీ గాఢత తక్కువగా ఉన్నప్పుడు ఈ అవరోధం కనిపించలేదు. అందువల్ల మీ నాన్నగారి చికిత్స ఇప్పటికే వృథా అయిపోయిందని మీరు కుంగిపోవలసిన అవసరం లేదు. అయినా ప్రాణం కాపాడే మందు పక్కన అలాంటి అనుమానాన్ని ఉంచుకోవడం ఎందుకు? క్యాప్సూళ్ళే కాక, గ్రీన్ టీ కూడా ఈ చికిత్స జరిగినంత కాలం తాగవచ్చా లేదా అన్నది డాక్టరుగారినే అడగండి.

ఇలాంటి చిక్కు ఒక్క బోర్టెజోమిబ్‌తోనే ఆగదు. మూత్రపిండాల క్యాన్సర్‌లో వాడే సునిటినిబ్‌తో ఈజీసీజీ కలిసి కరగని ముద్దగా మారుతుందని ప్రయోగాల్లో కనిపించింది. రక్తపోటుకు వాడే నాడొలాల్ అనే మందును రెండు వారాల పాటు రోజుకు 700 మిల్లీలీటర్ల గ్రీన్ టీ తాగిన ఆరోగ్యవంతులకు ఇచ్చి చూస్తే, రక్తంలో దాని పరిమాణం 85 శాతం పడిపోయింది. అక్కడ వాడింది సారం కూడా కాదు, మామూలు గ్రీన్ టీ. ఇనుము మాత్రలు వాడేవారు కూడా వాటికీ టీకీ మధ్య వ్యవధి ఉంచుకోవాలి, ఎందుకంటే కేటెచిన్‌లు ఇనుమును పట్టేసుకుంటాయి.

ప్రశ్న: పది కప్పులు తాగడం కష్టం కాబట్టి ఒక క్యాప్సూల్ వేసుకోవడం సులభం కాదా? రెండింటిలో ఉన్నది ఒకటే కదా? (ఒక గృహిణి)

సమాధానం: పదార్థం ఒకటే, కాలేయానికి చేరే తీరు ఒకటి కాదు. టీని కొంచెం కొంచెంగా, రోజంతా, ఏదో ఒకటి తింటూ తాగుతాము. క్యాప్సూల్‌లో వందల మిల్లీగ్రాముల ఈజీసీజీ ఒక్కసారిగా లోపలికి వెళుతుంది. ఖాళీ కడుపుతో మింగితే రక్తంలోకి చేరే పాలు కొన్ని రెట్లు పెరుగుతుంది. పైన గాఢత గురించి రాసింది చదివి, అలాగైతే ఖాళీ కడుపుతో క్యాప్సూళ్ళు మింగితే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోచవచ్చు గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. అలా పెరిగినా ప్రయోగశాలలో వాడే స్థాయికి చేరదు, కాలేయానికి మాత్రం హాని జరగవచ్చు.

మెనోపాజ్ దాటిన వెయ్యి మందికి పైగా మహిళలతో అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ప్రయోగంలో రోజుకు 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ ఏడాది పాటు ఇచ్చారు. క్యాన్సర్ ముప్పుకు సూచికగా భావించే రొమ్ము కణజాల సాంద్రత మొత్తం మీద తగ్గలేదు. కాలేయ పరీక్షల్లో మాత్రం సారం తీసుకున్నవారిలో సుమారు ఐదు శాతం మందికి చెప్పుకోదగిన తేడాలు వచ్చాయి. మందులేని మాత్రలు తీసుకున్న జట్టుతో పోలిస్తే ఆ ముప్పు దాదాపు ఏడు రెట్లు. మాత్రలు ఆపాక చాలామందిలో అవి సర్దుకున్నాయి. బరువు తగ్గడానికి అమ్మిన ఎగ్జోలైజ్ అనే గ్రీన్ టీ సారాన్ని కాలేయం దెబ్బతిన్న ఉదంతాల కారణంగా 2003లోనే ఫ్రాన్స్, స్పెయిన్ మార్కెట్ల నుంచి ఉపసంహరించారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ సమాచారాన్నంతా పరిశీలించి, మామూలుగా కాచిన గ్రీన్ టీ సాధారణంగా సురక్షితమేననీ, రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ ఇచ్చే మాత్రలతో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయనీ తేల్చింది. 2022లో యూరోపియన్ యూనియన్ ఆ 800 మిల్లీగ్రాములకు లోపలే ఉండాలనీ, ఖాళీ కడుపుతో తీసుకోవద్దన్న హెచ్చరిక సీసాపై ఉండాలనీ నిబంధన తెచ్చింది. మూత్రం ముదురు రంగులోకి మారడం, కళ్ళు పచ్చబడటం, కారణం లేకుండా వికారం, నీరసం కనిపిస్తే క్యాప్సూళ్ళు ఆపి వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి.

ప్రశ్న: గ్రీన్ టీ ఎంత వేడిగా తాగితే అంత గుణమా?

సమాధానం: కాదు. నీళ్ళు వేడిగా ఉంటే ఆకులోని కేటెచిన్‌లు బాగా దిగుతాయి, అది కాచేటప్పటి సంగతి. తాగేటప్పుడు చల్లారనివ్వాలి. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. అక్కడ దోషం ఆకుది కాదు, వేడిది. క్యాన్సర్ రాకూడదని పొగలు కక్కే టీ గుటకలు వేయడం కంటే బాధాకరమైన పొరపాటు ఉండదు.

ప్రశ్న: మీరు చెప్పినదంతా చూస్తే ఇన్నేళ్ల పరిశోధన వృథా అయినట్టేనా? నేను జీవశాస్త్ర విద్యార్థిని. ఈ అంశంపైనే ప్రాజెక్టు చేయాలనుకున్నాను, ఇప్పుడు మనసు వెనకాడుతోంది. (ఒక విద్యార్థిని)

సమాధానం: వెనకాడవద్దు. గ్రీన్ టీ కేటెచిన్‌ల నుంచి వైద్యులు చీటీపై రాసే మందు ఒకటి ఇప్పటికే వచ్చింది. సైనెకేటెచిన్స్ అనే పేరుతో 15 శాతం గాఢత ఉన్న పైపూతను 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. మానవ పాపిల్లోమా వైరస్ వల్ల జననాంగాల చుట్టూ వచ్చే పులిపిర్లకు దాన్ని వాడతారు. ఆ పులిపిర్లు క్యాన్సర్ కావు, కానీ అవి కూడా అదుపు తప్పి పెరిగిన కణాలే. మింగితే చేయలేని పనిని అదే పదార్థం పూస్తే ఎందుకు చేయగలిగిందో ఆలోచించండి. పేగులు, కాలేయం అడ్డురాని చోట, నేరుగా కణాల మీద, కావలసినంత గాఢతలో దాన్ని ఉంచగలిగారు. 1987 నాటి ఎలుకల ప్రయోగంలోనూ ఈజీసీజీని చర్మంపై పూశారన్న సంగతి మీరు గమనించే ఉంటారు.

పెద్దపేగు గురించి కూడా ఇదే కోణంలో ఆలోచించవచ్చు. రక్తంలోకి చేరని ఈజీసీజీ మాయమైపోదు, పేగుల్లోనే మిగులుతుంది, కిందికి దిగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మరిన్ని చిన్న అణువులుగా విడగొడతాయి. జపాన్‌లో పెద్దపేగు నుంచి అడినోమాలను, అంటే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న కంతులను, తొలగించిన 136 మందితో చేసి 2008లో ప్రకటించిన ప్రయోగంలో, ఏడాది పాటు రోజుకు ఒకటిన్నర గ్రాముల గ్రీన్ టీ సారం తీసుకున్నవారిలో 15 శాతం మందికి, తీసుకోనివారిలో 31 శాతం మందికి అడినోమాలు తిరిగి వచ్చాయి. ఆ తర్వాత జర్మనీలో మరింత ఎక్కువమందితో, మూడేళ్ల పాటు, అయితే తక్కువ మోతాదుతో జరిగిన ప్రయోగంలో మొత్తం మీద స్పష్టమైన తేడా కనిపించలేదు.

మీ ప్రాజెక్టులో కణాలపై ఈజీసీజీని వేసేటప్పుడు ఒక పళ్ళెంలో కేటలేజ్ కూడా కలిపి చూడండి. మరో పళ్ళెంలో కణాలు లేకుండా ద్రావణం మాత్రమే పెట్టి, గంట గంటకూ అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంత పుడుతున్నదో కొలవండి. గాఢతల వరుసను 100 మైక్రోమోలార్ దగ్గర కాక, మనిషి రక్తంలో నిజంగా ఉండే అర మైక్రోమోలార్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఏమీ జరగకపోతే ఆ మాటే రాయండి.